టోకెన్ నంబరు 17

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అనే మాట చిన్నప్పటినుంచీ వింటున్నాను గానీ, మా ఆయన దాన్ని నిజంగానే పెడతారనుకోలేదు. నా కుడి మోకాలు నెమ్మదిస్తే తిరుమల కొండకు నడిచి వచ్చి గుండు చేయించుకుంటానని మొక్కుకున్నారట. ఆయన తలమీద మిగిలినవాటిని లెక్కపెడితే స్వామివారికి ఇదేమంత లాభసాటి బేరం కాదు. పైగా నేనూ పక్కనే నడవాలట. అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లు. పైకి పోయాక వచ్చే నిటారు మెట్ల దారికి పేరే మోకాళ్ళ పర్వతం. నా మోకాలి పేరు చెప్పి మొక్కిన మొక్కు తీరాలన్నా మళ్ళీ నా మోకాలే దిక్కు.

నాకు 63. ముప్పై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడి పాఠాలు చెప్పిన కాళ్ళు. నిరుడు తీసిన ఎక్స్‌రేలో కుడి మోకాలి లోపలివైపు సందు పూర్తిగా మూసుకుపోయింది. డాక్టర్లు కార్టిలేజ్ అంటారు, మన వీధిలో గుజ్జు అంటారు. పేరేదైనా అది లేదు. ఎముక మీద ఎముక కూర్చుంది. ఆపరేషన్ చేసి మోకాలు మార్చాల్సిందేనన్నారు చూసిన డాక్టరు.

ఆ రోజు నుంచీ మా ఆయన ఆ ఎక్స్‌రేని పెళ్ళి ఆల్బమ్‌లా భద్రంగా దాచారు. బ్రాడీపేట నాలుగో లైనులో మా గుమ్మం తొక్కినవాళ్ళందరికీ ట్యూబ్‌లైటు వెలుగులో పట్టి చూపించడమే పని. "ఇదిగో, ఇక్కడ ఈ మచ్చ కనపడుతోందా? అసలు గొడవంతా ఇదే" అని వారంపాటు వివరించారు. ఎనిమిదో రోజు మా పనమ్మాయి కొంగుతో తుడిస్తే ఆ మచ్చ కాస్తా పోయింది. ఆవకాయ నూనె.

ఇక సలహాలు. చిలకలూరిపేట వదిన నల్లేరు పచ్చడి పంపింది. సరిగ్గా వేయించలేదేమో, మోకాలి సంగతి తర్వాత, రెండు రోజులు గొంతు దురదతో మాట పడిపోయింది. ఇంట్లో అంత ప్రశాంతత ఎన్నడూ లేదని మా ఆయన ఇప్పటికీ తలుచుకుంటారు. కిందివాటా ఆవిడ తుమ్మకాయల పొడి డబ్బాడు ఇచ్చింది. "ఈ ఆకులూ కాయలూ పోయిన గుజ్జును తెస్తాయా? చదువుకున్నదానివి!" అని నన్నే కేకలేశారాయన. అప్పుడాయన అంతా సైన్సు.

ఆయన బ్యాంకులో క్యాషియరుగా రిటైరయ్యారు కాబట్టి మోకాలికీ ఓ ఫైలు తెరిచారు. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం కృత్రిమ మోకాళ్ళ ధరలకు కళ్ళెం వేసింది. లక్షన్నర పైన పలికే కోబాల్ట్ క్రోమియం రకం 54,720 రూపాయలకు దిగింది, జీఎస్టీ అదనం. ఆ పేపరు కటింగ్ ఇంకా ఫైల్లో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆషాఢం డిస్కౌంట్‌లో చీర వదులుకున్నట్టు నావంక చూస్తారు. ఆస్పత్రి ఖర్చూ డాక్టరు ఫీజూ అందులో కలవవని నేను గుర్తుచేస్తే ఫైలు మూసేస్తారు.

ఆయన దగ్గరున్న ఆఖరి అస్త్రం వాజ్‌పేయి. "2000లో ఓ మోకాలు, 2001లో రెండోది! దేశాన్ని నడిపిస్తూనే చేయించుకున్నాడు. నీకేం భయం?" అంటారు. నిజమే గానీ, ఆ మహానుభావుడు మర్నాడు లేచి ఇడ్లీపిండి రుబ్బుకోవాల్సిన పని లేదు కదా!

చేయించుకున్నవాళ్ళను అడిగితే అదో తికమక. ఎదురింటి పిన్నిగారు "ముందే ఎందుకు చేయించుకోలేదా అని ఏడుపొస్తోందమ్మా" అంటుంది. ఆవిడ తోడికోడలు "నొప్పి పోయింది, కానీ కింద కూర్చోవద్దన్నారు, వ్రతానికి కుర్చీలో కూర్చుంటే ఏదో వెలితి" అంటుంది. నేను రెండో మాటే పట్టుకున్నాను, మనసుకి అది అనుకూలంగా ఉంది కాబట్టి.

చివరికి రెండో అభిప్రాయం కోసం కొత్తపేటలో ఇంకో డాక్టరు దగ్గరికి బయల్దేరాం. నా పథకం నాది. నొప్పి మాత్ర వేసుకుని, వరండాలో నాలుగుసార్లు కుంటకుండా నడవడం ప్రాక్టీసు చేసి, మంగళగిరి చీర కట్టుకుని ఆటో ఎక్కాను. నా నడక చూసి "మీకు ఆపరేషనేంటమ్మా!" అని ఆ డాక్టరే అనాలి.

మాత్ర మూడు నాలుగు గంటలు పనిచేస్తుందనుకున్నాను. టోకెన్ మూడు గంటల తర్వాత వస్తుందనుకోలేదు.

మోకాళ్ళ డాక్టరు హాలు ఎప్పుడైనా చూశారా? కుర్చీలు మాత్రం బాగా పల్లంగా వేస్తారు, ఎందుకో మరి. నంబరు పిలవగానే ముందు ఓ మూలుగు, తర్వాత "పట్టుకోరా అబ్బాయ్" అని ఓ కేక, ఆ తర్వాత మనిషి లేవడం. ఒక్కో టోకెన్‌కి రెండు నిమిషాలు లేవడానికే పోతాయి.

"పదిహేడు నంబరెవరమ్మా?"

లేచాను. అంటే, నేను లేచాననుకున్నాను. నడుము ముందుకొచ్చింది, చేతులు కుర్చీని వదిలాయి, మోకాలు మాత్రం కూర్చున్నచోటే ఉంది. మళ్ళీ కూలబడ్డాను. "పదిహేడు లేరా? పద్దెనిమిది రండి!" పద్దెనిమిది నంబరాయన పక్క కుర్చీలోంచి అప్పటికే సగం లేచి ఉన్నాడు. అనుభవజ్ఞుడు, పదహారు పిలిచినప్పుడే మొదలుపెట్టాడు.

మా ఆయనకు పౌరుషం వచ్చింది. "ఏయ్, ఉన్నాం ఇక్కడ!" అని నా రెండు చేతులూ పట్టుకుని, ఒంగి, ఒక్క లాగు లాగారు. టక్కుమని చప్పుడైంది. నాదేననుకున్నాను. కాదు. నేను నిలబడ్డాను, ఆయన నా కుర్చీలో కూర్చున్నారు, ఎడమ మోకాలు రెండు చేతులతో పట్టుకుని.

డాక్టరు అద్దం తలుపులోంచి అంతా చూశారట. "మాత్ర వేసుకొచ్చారా అమ్మా?" అన్నారు. లేదన్నాను. "వేసుకుంది" అన్నారు మా ఆయన కుంటుతూ లోపలికొస్తూ.

డాక్టరు నా ఎక్స్‌రే ఒక్క చూపు చూసి పక్కన పెట్టారు. అడిగినవన్నీ వేరే. రాత్రి నొప్పికి మెలకువ వస్తుందా? కూరగాయలకి మీరే వెళ్తున్నారా, మానేశారా? మేడమెట్లు ఎక్కి ఎన్నాళ్ళయింది? పాఠాలు చెప్పినదాన్ని, అబద్ధం రెండు ప్రశ్నలకు మించి నిలబెట్టలేకపోయాను. డాబా మీద వడియాలు పెట్టి రెండేళ్ళయిందని ఒప్పుకున్నాను.

ఇది రేపే చేయాల్సిన తొందర పని కాదన్నారు. ముందు షుగరు అదుపులోకి రావాలి, పుచ్చిన పన్ను సంగతి చూడాలి, తొడ కండరాలకు బలం రావాలి. అందుకు మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి నొక్కే వ్యాయామం చెప్పారు. ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. మూడున్నర కిలోలు తగ్గితే సిలిండర్లో గ్యాసంత బరువు దిగినట్టే. పెట్టిన మోకాలు పదిహేను, ఇరవై ఏళ్ళు, చాలామందికి అంతకన్నా ఎక్కువే వస్తుందన్నారు. ఆపరేషనయ్యాక తొందరలోనే వాకరుతో నడిపిస్తారు గానీ, ఆ తర్వాత ఫిజియోథెరపీకి బద్ధకించకూడదట. సంక్రాంతి పిండివంటలయ్యాక చేయించుకుంటానని నా నోటితో నేనే చెప్పాను.

"సరే, మీరూ ఓసారి నిలబడి ఎక్స్‌రే తీయించుకోండి" అని డాక్టరు మా ఆయనకీ చీటీ రాశారు. అరగంటలో ఫిల్ము వచ్చింది. ఎడమ మోకాల్లో నాకున్న అరుగుదలే, ఓ మెట్టు తక్కువ.

"వాజ్‌పేయి గారే చేయించుకున్నారు" అన్నాను ఆటోలో.

మాట్లాడలేదు. ఎక్స్‌రే కవరు ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చున్నారు. లైను మలుపు తిరుగుతుంటే మెల్లగా గొంతు సవరించుకున్నారు.

"ఏమోయ్, కిందివాటా ఆవిడ ఇచ్చిన ఆ తుమ్మకాయల పొడి పారేయలేదు కదా?"