పిల్లలమర్రిని బతికించింది చుక్కలే

పిల్లలమర్రి కథ పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే ఆ మర్రికి చెదలు పట్టింది. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడేసరికి సందర్శకులను ఆపేశారు. ముందు కాండానికి రంధ్రాలు చేసి మందు పోశారు. అది లోపలికి ఇంకలేదు, బయటికే కారిపోయింది. అప్పుడు అటవీ శాఖ వాళ్లు ఆసుపత్రిలో రోగికి కట్టినట్టు చెట్టుకు సెలైన్ సీసాలు కట్టారు. పలచగా కలిపిన క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందును, రెండు మీటర్లకొక సీసా చొప్పున, చుక్క చుక్కగా ఎక్కించారు. వాలిన కొమ్మల కింద దిమ్మెలు కట్టి ఆసరా ఇచ్చారు. చెట్టు నిలబడింది.

దానధర్మాల గురించి ఎవరు మాట్లాడినా నాకు ఆ సీసాలే కళ్లలో మెదులుతాయి. మన జిల్లాల్లో జాలికి కరువు లేదు. లారీ కింద పడిన కుక్క వీడియో ఫోన్లలో తిరిగితే సాయంత్రానికి పైసలు జమవుతాయి. కురుమూర్తి జాతరలోనూ, చెరువుగట్టు మీదా హుండీలు నిండుతాయి. అయితే ఇదంతా ఒక్కసారి పోసే మందు. పోసినంతసేపు పోసి వెళ్లిపోతాం, సగం బయటికే కారిపోతుంది. జంతువుల కోసమైనా, వృద్ధాశ్రమం కోసమైనా, తల్లిదండ్రులు లేని పిల్లల కోసమైనా, ఏడాదికోసారి ఇచ్చే అయిదు వేల కన్నా నెలనెలా తప్పకుండా ఇచ్చే వంద రూపాయలు ఎక్కువ పని చేస్తాయని నా గట్టి నమ్మకం. లెక్క వేస్తే ఏడాదికి అది పన్నెండు వందలే. అయినా సరే ఆ మాట వెనక్కి తీసుకోను.

నల్లగొండ శివార్లలో ఒక చిన్న జంతు సంరక్షణ కేంద్రం ఉంది. నేను నెలకు వంద ఇచ్చేది అక్కడికే. గేటు దాటగానే నల్లరాతి పలక, దాని మీద దాతల పేర్లు. రేకుల షెడ్డు ఒకరిది, బోరు ఒకరిది, ఇనుప జాలీ ఇంకొకరిది. పలక పక్కన కుర్చీలో ఎర్ర అట్ట నోటుపుస్తకం ఉంటుంది. అందులో రోజువారీ ఖర్చు రాస్తారు: నూకలు, కోడి కాళ్లు, దూది, కట్టుగుడ్డ, ఆటో కిరాయి, పనిచేసే అబ్బాయి జీతం. పలక మీదున్న పేర్లలో ఒక్కటీ ఆ నోటుపుస్తకంలో కనబడదు. దూది మీద ఎవరి పేరూ చెక్కలేం మరి. అక్కడ అన్నీ చూసుకునే అక్క ఒకసారి నాతో అన్నది: "సారూ, ఒక్కపారి అయిదు వేలిచ్చి ఫోటో దిగి పోయెటోళ్లు శానామందున్నరు. నెలకు రెండొందలిస్తనని మాటిచ్చి నిలబెట్టుకునెటోళ్లే దొరకరు. మాకు షెడ్డు సాలు సారూ, జీతం ఎల్లుతలేదు."

ఆ రోజు షెడ్డులో ఒక గోధుమరంగు ఆడకుక్క ఉంది. తోక కింద గడ్డ లేచి రక్తం కారుతోంది. వీధికుక్కలు జత కట్టేటప్పుడు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే కేన్సర్ అది. పేరు వింటే భయమేస్తుంది గానీ చాలావరకు నయమైపోయే జబ్బు. విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షన్ వారానికొకటి చొప్పున మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు వేయాలి. రెండు వేశాక పైసలు లేవని ఆపేస్తే గడ్డ మళ్లీ లేస్తుంది, ముందు పెట్టిన ఖర్చు కూడా వృథా. పురుగులు పట్టిన పుండుదీ ఇదే సంగతి. టర్పెంటైన్ వేసి పురుగులు తీయడం ఒక పూట పని. ఆ పుండు మానేదాకా రోజూ కడిగి కట్టు కట్టడం వారాల పని. జనం వీడియో తీసేది మొదటి పూట మాత్రమే. విరాళాలు వచ్చేదీ ఆ పూటే. తర్వాతి వారాలన్నీ ఎవరో ఒకరు అప్పు చేసి నడుపుతారు.

వీధికుక్కల సమస్యకు చట్టం చూపిన దారి కూడా ఇలా ఆగకుండా నడవాల్సిందే. 2001లో వచ్చి 2023లో మారిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి గుర్తు పెట్టి, పట్టుకున్న చోటే వదలాలి. ఒక ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకు టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక ఏడాది హడావిడి చేసి రెండో ఏడాది మానేస్తే ఆ 70 శాతం నిలవదు. కుక్క కడుపుతో ఉండేది రెండు నెలలే, ఆపరేషన్ కాని కుక్కలు ఏడాది తిరిగేసరికి వాడను మళ్లీ నింపేస్తాయి. టీకా కూడా మళ్లీ మళ్లీ వేయాల్సిందే. అంటే పని ఎప్పటికీ ఉంటుంది, కాబట్టి డబ్బు కూడా ఎప్పటికీ రావాలి. ఈ పని స్థానిక సంస్థల బాధ్యత. ఆ మాట వాటిని గట్టిగా అడగాల్సిందే. కానీ అడుగుతూ కూర్చుంటే ఏమవుతుందో మన కళ్లముందే ఉంది. 2024 ఫిబ్రవరిలో అడ్డాకుల మండలం పొన్నకల్‌లో ఇరవై కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. ఇలాంటి క్రూరత్వానికి మన దేశపు 1960 నాటి చట్టం మొదటి తప్పుకు వేసే జరిమానా ఎంతో తెలుసా? పది నుంచి యాభై రూపాయలు. నేను అడుగుతున్నది అలాంటి రెండు యాభైలే, నెలకొకసారి, చంపడానికి బదులు బతికించడానికి.

మనుషులకే దిక్కులేదు, కుక్కలకెందుకయ్యా అని అడిగేవాళ్లున్నారు. 2023లో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపేశాక ఆ ప్రశ్నలో కోపం కూడా చేరింది. ఆ కోపాన్ని నేను కాదనను. కరిపించుకునేది ఎక్కువగా పేదల పిల్లలే, చెప్పుల్లేకుండా బడికి నడిచే పిల్లలే. అందుకే కుక్కకు వేసే టీకా ఆ పిల్లకు వేసిన టీకాతో సమానం అంటున్నాను. కాల్చి చంపిన ఊళ్లోకి పక్క ఊరి కుక్కలు వస్తాయి, వాటికి టీకా ఉండదు. ఇక సంస్థలు పైసలు తింటాయనే అనుమానం. తినేవి ఉన్నాయి. కానీ ఒకేసారి లక్ష తీసుకున్నవాడి కన్నా, నెలనెలా వెయ్యిమంది ముందు నిలబడాల్సినవాడికి తినడం కష్టం.

మనుషుల సంగతీ వేరు కాదు. మన పట్టణాల్లో అనాథ పిల్లల ఆశ్రమాలకు ఒక అలవాటు తగిలించాం. ఇంట్లో పుట్టినరోజు వస్తే కేకు, బిర్యానీ తీసుకుని వెళ్తాం. ఒక్కో ఆదివారం అక్కడ మూడు కేకులు కోస్తారు. మంగళవారం పప్పుకు చింతపండు ఉండదు. జూన్‌లో నోటుపుస్తకాలు పంచేవాళ్లు వరుస కడతారు, నవంబరులో పిల్ల చెప్పు తెగితే కొత్తది కొనే పద్దు ఏ దాతదీ ఉండదు. ఆ పిల్లలు మన పుట్టినరోజులకు చప్పట్లు కొట్టి కొట్టి అలసిపోయారు. వాళ్లకు కావలసింది ప్రతి ఒకటో తారీఖున వచ్చి పడే సొమ్ము.

ఇది మనకు రాని విద్యేం కాదు, మన ఇళ్లలోనే పుట్టింది. నా చిన్నప్పుడు మా ఇంట్లో పాడి లేదు. అయినా బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయ తొక్కలు పారబోస్తే మా నాయినమ్మ ఊరుకునేది కాదు. పొద్దున, సాయంత్రం వాటిని తీసుకెళ్లి పక్కింటి అవ్వ వాకిట్లో ఉన్న కుడితి గోలెంలో పోసి రావాలి. చుట్టూ నాలుగిళ్ల కుడితి అందులోనే. ఒక్క ఇంటి నీళ్లతో బర్రె మూతి కూడా తడవదు. నాలుగిళ్ల నీళ్లకు గోలెం నిండేది, తవుడు కలిపితే బర్రె బుస్సుమంటూ మూతి ముంచి తాగేది. వానొచ్చినా, ఇంట్లో పెళ్లయినా ఆ పని ఆగేది కాదు. దాన్ని ఎవరూ దానం అనలేదు. రసీదు లేదు, పలక లేదు.

మహిళా సంఘాలను చూడండి. నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి దాచి పొదుపు మొదలుపెట్టారు. ఈ రోజు పాలమూరులో ఏ ఊరికి వెళ్లినా కూలికి పోయే అమ్మ నెల తప్పకుండా సంఘంలో పైసలు కడుతుంది. కట్టకపోతే పదిమందిలో మాట పోతుందని ఆమెకు తెలుసు. ఇక వలసలు. బొంబాయిలో, పుణెలో మట్టి మోసి, మనియార్డర్ల కాలం నుంచి నెలనెలా ఇంటికి పైసలు పంపిన జిల్లా ఇది. వంద రూపాయలైనా నెల తప్పకుండా రావడమంటే ఏమిటో, రాకపోతే ఇంట్లో ఏమవుతుందో పాలమూరుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ కుటుంబాల నుంచి వచ్చి ఈ రోజు ఉద్యోగాల్లో స్థిరపడ్డవాళ్లే నెలకు వంద ఇవ్వడం గుర్తుండదంటే నేను ఒప్పుకోను. ఫోన్లో ఒకసారి అనుమతిస్తే చాలు, 2020 నుంచి యూపీఐ ఆటోపే అదే చూసుకుంటోంది. ఖాతాలోంచి పైసలు కట్ అవడానికి ముందురోజే మెసేజ్ వస్తుంది, వద్దనుకుంటే ఆపేయొచ్చు. పన్ను మినహాయింపు లేనిదే ఇవ్వమనేవాళ్లకు ఒక మాట: కొత్త పన్ను విధానం ఎంచుకుంటే విరాళాల మీద మినహాయింపు ఎలాగూ రాదు, వంద రూపాయల దగ్గర ఆ లెక్క అక్కర్లేదు.

అసలు నా బాధ కుక్కలతో ఆగదు. మన బహిరంగ జీవితమంతా కట్టడానికి ఉబలాటపడి, కాపాడటానికి చేతులెత్తేసింది. నల్లగొండ ఫ్లోరైడ్ గోస దేశానికి వినిపించాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో 480 మంది పోటీలో నిలిచారు, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఆ నీటిని బాగుచేసేందుకు నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. నల్లగొండ పద్ధతి అంటే ఆఫ్రికాలో కూడా తెలుసు. అందులో రహస్యమేమీ లేదు: నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు తగిన మోతాదులో కలపాలి, తేరనివ్వాలి, అడుగున చేరిన మడ్డి తీసేయాలి. కానీ ఇదంతా రోజూ చేయాలి. తొట్టి కట్టడానికి ఒక్కసారి డబ్బు చాలు. రేపటి పటికకు, మడ్డి తీసే మనిషికి రోజూ డబ్బు కావాలి, అది అందని చోట తొట్టి ఉన్నా తాగేది పాత నీళ్లే. కాళ్లు వంకరపోయిన పిల్లలను చూసిన నేల మీద ఈ సంగతి ఎవరికైనా విడమరిచి చెప్పాలా?

చెరువులను చూసినా అంతే. మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువుల పనులు పెట్టుకున్నారు, పూడిక తీశారు. మంచి పనే. మరి తూము దగ్గర ఎవరున్నారు? వెనకటికి ప్రతి చెరువుకు తూము చూసుకుని నీళ్లు పారించే నీరటి ఉండేవాడు. పంట కోసి కల్లం చేసినప్పుడు ప్రతి రైతూ అతనికి మేర, అంటే అతని వంతు ధాన్యం, కొలిచేవాడు. ఆ ఏర్పాటును నేను పొగడటం లేదు. అది కులానికి కట్టేసిన బతుకు, వెట్టికి చుట్టం, దాని మీద తిరగబడ్డ జిల్లా మాది. కానీ అందులో ఒక తెలివి ఉంది: చెరువును కాచే మనిషి కూలి ప్రతి పంటలోనూ ముందే తీసిపెట్టేవాళ్లు, తెగిన రోజు వెతుక్కునేవాళ్లు కాదు. కులాన్ని, వెట్టిని మట్టిలో కలిపాం. వాటితోపాటు ఆ మేరను కూడా కలిపేశాం, దాని స్థానంలో ఇంకేమీ తేలేదు. ఇప్పుడు కట్ట తెగితే కలెక్టరేట్‌కు వినతిపత్రం పట్టుకుపోతాం.

నెలనెలా ఇచ్చే వంద రూపాయలను నేను ఇంత పట్టుకోవడానికి కారణం ఇదే. ఒక్కసారి ఇచ్చినవాడు దాత అవుతాడు, శాలువా కప్పించుకుని వెళ్లిపోతాడు. నెలనెలా ఇచ్చేవాడికి ఆ పనిలో వాటా ఉంటుంది. వాడు మూడో నెలకు లెక్క అడుగుతాడు. ఆరో నెలకు ఆదివారం స్వయంగా వచ్చి ఆ గోధుమరంగు కుక్క ఏదని వెతుకుతాడు. ఏడాది తిరిగేసరికి మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్లి, కుక్కల ఆపరేషన్లకు పెట్టిన బడ్జెట్ ఎంత, ఖర్చయింది ఎంత అని నిలదీస్తాడు. సొంత పైసలు పెట్టినవాడి నోట్లోంచి వచ్చిన ప్రశ్నను అధికారులు తోసిపుచ్చలేరు.

2025 డిసెంబరులో గెలిచిన సర్పంచులకు నా మనవి ఒకటే. గ్రామసభలో అయిదేళ్ల పథకాలు చదివే ముందు ఒక చిన్న లెక్క పెట్టండి. నాలుగు వందల ఇళ్లున్న ఊళ్లో ఇంటికి యాభై వేసుకుంటే నెలకు ఇరవై వేలు. ఇళ్లలో సగమే ఇచ్చినా పది వేలు. కుక్కల టీకాలకు, పశువుల నీళ్ల తొట్టి కడగడానికి, ఒంటరి ముసలివాళ్లకు మందులు తెచ్చిపెట్టడానికి అది ఎంతవరకు వస్తుందో సభలోనే అందరి ముందు రాయండి. పైసలు సంఘం ఆడవాళ్ల చేతిలో పెట్టండి, వాళ్లకు పద్దు రాయడం వచ్చు. ప్రతి నెలా పదో తారీఖున వచ్చింది ఎంత, పోయింది ఎంత అనేది పంచాయతీ గోడ మీద సుద్దతో రాయించండి. దాతల పేర్లు మాత్రం రాయించకండి.