అలమూత్ కోటలో గంజాయి బ్యాచ్

తెల్లారి ఆరున్నరకి మా బావమరిది వాట్సాప్‌లో ఒక వీడియో పడేశాడు. కింద ఒకటే ముక్క: "బావా, చూడు, మతి పోతుంది." తంబ్‌నెయిల్ మీద నల్ల ముసుగు, ఎర్ర కళ్లు, నెత్తురోడే బాకు. ఇరవై రెండు నిమిషాలు. చూశాను. మతి పోయిన మాట వాస్తవమే.

కథ మీకు తెలిసిందే, ఏడాదికి నాలుగుసార్లయినా ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. ఇరాన్ కొండల్లో అలమూత్ కోట. అందులో తొమ్మిది వందల ఏళ్ల కిందట, నిజారీ ఇస్మాయిలీలనే షియా ముస్లిం శాఖకి పెద్ద, హసన్ సబ్బా అనే ముసలాయన. కుర్రాళ్లకి మత్తు పట్టించి, నిద్రలోనే రహస్య తోటకి మోయించేవాడట. కళ్లు తెరిస్తే పాలు, తేనె, ద్రాక్షసారా కాలువలై పారుతుంటాయి, చుట్టూ అందగత్తెలు. ఇదే స్వర్గమని నమ్మించి, మళ్లీ మత్తిచ్చి బయటికి తెచ్చి, "మళ్లీ కావాలా? అయితే ఫలానా వజీరుని పొడిచిరా" అనేవాడట.

ఒక ఫంక్షన్ హాలుకి అడ్వాన్సు కట్టి, పెళ్లి ఒకటి దగ్గరుండి నడిపించినవాణ్ణి గనక నాకు ముందుగా నిర్వహణ మీదికి పోయింది మనసు. పాల కాలువ మధ్యాహ్నానికి విరిగిపోదూ? తేనె కాలువకి చీమల సంగతి ఎవరు చూసేవాళ్లు? చలికాలంలో మంచు కప్పేసే ఎల్‌బర్జ్ కొండల్లో ఆ తేనె పారుతుందా, గడ్డకడుతుందా? ఒళ్లు తెలీని వస్తాదుని కొండదారిలో మోయాలంటే నలుగురు కావాలి, ఆ నలుగురూ సాయంత్రం ఇంటికెళ్లి పెళ్లాలకి చెప్పరా? నాకు మాత్రం వంటమేస్త్రి కళ్లకి కట్టాడు: పొదచాటున గరిటెతో నిలబడి, "కుర్రాడు కదుల్తున్నాడు, పాలు వదలండ్రా! సారా తరవాత! అమ్మాయిలూ, ఆ ఆవలింతలేంటమ్మా, నవ్వండి!" అవతల లెక్కలు రాసే గుమాస్తా, "ఈ నెల తొమ్మిదో స్వర్గం ఇది, తేనె బాకీ తీరలేదు" అని గొణుగుతున్నాడు.

ఇంతా చేసి ఆ యజమాని ఎలాంటివాడు? సారా తాగాడని కన్నకొడుకునే చంపించినవాడు. కరువులో భార్యనీ ఆడపిల్లల్నీ వేరే కోటకి పంపి, నూలు వడికి పొట్టపోసుకోమన్నవాడు. 1090లో కోటలో అడుగుపెట్టి, 1124లో పోయేదాకా కొండ దిగనేలేదంటారు. ఆయనకి అంటగట్టారు సారా కాలువ!

ఈ తోట కథని లోకమంతా చాటింది మార్కో పోలో. కోట మంగోలుల చేతికి చిక్కింది 1256లో. అప్పటికి పోలోగారి వయసు రెండేళ్లు. పెద్దయ్యాక జెనోవా జైల్లో కూర్చుని, వీరగాథలు రాసుకునే తోటి ఖైదీకి చెప్పి రాయించాడు. ప్రత్యక్ష సాక్షి అంటే ఇలా ఉండాలి.

ఇక మత్తు. 1092లో, అప్పట్లో ఇరాన్‌ని ఏలిన సెల్జూక్ సుల్తానుల వజీరుని, నిజాముల్ముల్క్ అంతటివాణ్ణి, పొడిచినవాడు సూఫీ వేషంలో వెళ్లాడు. 1192లో టైర్ పట్టణంలో క్రూసేడర్ల నాయకుడు కాన్రాడ్‌ని చంపినవాళ్లు క్రైస్తవ సన్యాసుల వేషంలో వచ్చారు. హోలీనాడు భంగు తాగినవాడికి తన చెప్పులే దొరకవు, వీళ్లు మత్తులో తూగుతూ ఇన్ని వేషాలు కట్టారా? "హషీషీ" అన్నది ఆ కాలం శత్రువులు వేసిన తిట్టు, మన వీధుల్లో ఈనాడు "గంజాయి బ్యాచ్" అంటామే, అలాంటిది. తిట్టుని పట్టుకుని చరిత్ర రాసేశారు. యూరపు భాషల్లో హంతకుడికి పేరే అదైపోయింది, "అసాసిన్" అని. వాళ్లు పొడవలేదని కాదు, నడిబజార్లో, జనం చూస్తుండగా పొడిచారు. ఒక దండుని ఎదుర్కొనే దండు లేనివాళ్లు ఒక వజీరుని ఎంచుకున్నారు. అది హత్యే. కానీ దానికి తోట అక్కర్లేదు.

కోటలోకి వెళ్లి చూసినవాడు ఒకడున్నాడు. జువైనీ, కోటని పట్టుకున్న మంగోలు సేనాని హులాగూ కొలువులో ఉద్యోగి. వీళ్లంటే అసహ్యం, మెచ్చుకోలు పొరపాటున కూడా రాదు. ఆయనకి రాతిలో తొలిచిన తొట్లు కనిపించాయి. ఒకడు లోతు తెలీక తేనె తొట్టిలో దిగి మునిగాడని కూడా రాశాడు. ముట్టడి వస్తే పనికొస్తుందని దాచిన సరుకు అది. తోట మాత్రం కనపడలేదు. కనిపించి ఉంటే వదిలేవాడా?

కనిపించింది ఇంకొకటి. పుస్తకాల గది. నసీరుద్దీన్ తూసీ వంటి ఖగోళ పండితుడు ఏళ్ల తరబడి కూర్చుని చదువుకున్న గది. జువైనీ ఖురాను ప్రతులు తీశాడు, నక్షత్రాలు కొలిచే పరికరాలు తీశాడు, తక్కినదంతా తగలబెట్టించాడు. దాచుకోలేదు, గొప్పగా రాసుకున్నాడు. లొంగిపోయిన జనాన్ని ఊయల్లో పసికందుతో సహా వదలొద్దన్న ఆజ్ఞనీ అదే చేత్తో రాశాడు. వాళ్ల మాట వాళ్ల నోట వినే దారి చాలామట్టుకు ఆ మంటలో పోయింది. మిగిలింది తగలబెట్టినవాడు రాసింది, జైల్లో ఊసుపోక చెప్పింది. దాన్ని మనం పసుపు అక్షరాల్లో, డప్పుల మోతతో, పొద్దున్నే కాఫీతో పాటు తాగుతున్నాం. సిగ్గుండాలి. చేసినవాడికే కాదు, "వావ్" అని గుండె బొమ్మ పెట్టినవాడికీ.

ఇదంతా కుదించి మా బావమరిదికి టైపు చేశాను. పనిలో పని, పోయిన ఆదివారం వాడు కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర దిగిన పదమూడు ఫోటోలూ గుర్తుచేశాను, "ఏం బాగుచేశార్రా బాబూ" అని వాడే రాసుకున్నాడు. బాగుచేసింది ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు, రాష్ట్ర వారసత్వ శాఖతో కలిసి, 2013 నుంచి. ఆ ఆగాఖాన్ ఎవరో తెలుసా, నీ అలమూత్ ముసుగువాళ్లు ఉన్నారే, ఆ నిజారీ ఇస్మాయిలీలకి నేటి ఇమాం, అన్నాను.

నీలి టిక్కులు పడ్డాయి. "టైపింగ్" అని మూడుసార్లు వచ్చి పోయింది. చివరికి జవాబొచ్చింది:

"బావా, పార్ట్ 2 వచ్చింది. ఇందులో తోటకి డ్రోన్ షాట్ కూడా ఉందట."