సెల్యులార్ జైలు కన్నా ముందే పోయిన సిపాయిలు

అండమాన్ వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ సెల్యులార్ జైలు ముందు దిగిన ఫొటో పెడతారు. తప్పేం లేదు, చూడాల్సిన చోటే. కానీ ఆ జైలు కట్టడం మొదలైంది 1896లో, పూర్తయింది 1906లో. అంతకు దాదాపు నలభై ఏళ్ల ముందు అక్కడికి తోలుకెళ్లిన సిపాయిల గురించి మనం ఒక్క ముక్కా మాట్లాడుకోం. నా బాధంతా అదే.

1858 మార్చి 10న, అక్కడి ఖైదీల స్థావరానికి పెద్ద అధికారిగా వచ్చిన డాక్టర్ వాకర్ అనే ఇంగ్లీషు దొర 200 మంది ఖైదీలతో దిగాడు. ఆ వెనకే ఓడల మీద ఓడలు వచ్చాయి. వాటిలో 1857లో తిరగబడ్డ సిపాయిలున్నారు. కొత్తగా సైన్యంలో చేరేవాళ్లు సముద్రం దాటడానికి కూడా ఒప్పుకోవాలని 1856లో కంపెనీ నిబంధన పెడితే, కులం పోతుందని బెంగాల్ సైన్యం అట్టుడికింది. ఆ సైన్యం వాళ్లనే సంకెళ్లేసి సముద్రం దాటించారు. అప్పటికి అక్కడ జైలు భవనమే లేదు. చాథమ్, రాస్ దీవుల్లో అడవి నరకడమే శిక్ష.

మొదటి మూడు నెలల లెక్క వాకర్ చేతిదే. వచ్చినవాళ్లు 773 మంది. ఆస్పత్రిలో చనిపోయింది 64 మంది. పారిపోయి మళ్లీ దొరకనివాళ్లు 140. ఉరి తీసింది 87 మందిని. ఆత్మహత్య ఒకటి. మిగిలింది 481. పారిపోయి దొరికినవాళ్లను ఒక్కరోజే ఎనభై మందికి పైగా ఉరి తీశాడు. ఇక ఆపమని కలకత్తా ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. వీళ్లలో ఎంతమంది పేర్లు మనకు తెలుసు?

ఒక్కడి జీవితం మాత్రం వివరంగా దొరుకుతుంది. దూధ్‌నాథ్ తివారీ, 14వ రెజిమెంట్ సిపాయి. ఆ రెజిమెంట్ పంజాబ్‌లోని జీలంలో తిరగబడింది. 1858 ఏప్రిల్లో అతను సుమారు 90 మందితో కలిసి రాస్ దీవి నుంచి తప్పించుకున్నాడు. అవతలి ఒడ్డెక్కి పది రోజులు నడిస్తే బర్మా వస్తుందనీ, అక్కడి రాజు కొలువిస్తాడనీ నమ్మారు. ఇది చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. అంతా పోయాక కూడా వాళ్లు సిపాయిలే, కొలువిచ్చే రాజు కోసం వెతుక్కుంటూ అడవిలో పడ్డారు. ఆకలికి కొందరు, ఆ దీవుల ఆదివాసులైన అండమానీల బాణాలకు చాలామంది పోయారు.

బాణాలు తగిలిన తివారీని ఎందుకో ఆ అండమానీలే బతకనిచ్చారు. ఏడాదికి పైగా వాళ్లతోనే ఉన్నాడు. లీపా అనే అమ్మాయినిచ్చి పెళ్లి చేశారు. 1859 మేలో వాళ్లు ఆబర్డీన్ అనే చోట ఉన్న బ్రిటిష్‌వాళ్ల స్థావరం మీద దాడికి బయల్దేరితే, కడుపుతో ఉన్న ఆమెను వదిలేసి ముందుగా వాకర్‌కు కబురు చేర్చాడు. తుపాకుల ముందు బాణాలు ఏం నిలుస్తాయి? 1860లో తివారీకి క్షమాభిక్ష దొరికింది.

అతన్ని తిట్టిపోయడం తేలిక, నాకూ అతని మీద కోపమే. కానీ అంతకన్నా ఎక్కువ కోపం మనకు మిగిలిన చరిత్ర మీద. దొరకు పనికొచ్చాడు కాబట్టి అతని కథ రాసి పెట్టుకున్నారు. తలవంచనివాళ్లు అంకెలుగా మిగిలారు. లీపా ఏమైందో, బిడ్డ ఏమైందో ఎవరికి పట్టింది? గ్రేట్ అండమానీలని పిలిచే ఆ ఆదివాసులు ఆనాడు వేలల్లో ఉండేవాళ్లు, ఇవాళ వందమంది కూడా లేరు.

ఇదంతా ఉత్తరాది గొడవ అనుకునేవాళ్లకు ఒక మాట. 1857 జులై 17న హైదరాబాద్ కోఠిలోని రెసిడెన్సీ, అంటే బ్రిటిష్ ప్రతినిధి ఉండే భవనం మీద దాడి నడిపిన మౌల్వీ అలావుద్దీన్‌ను కూడా అండమాన్‌కే పంపారు. అక్కడే పోయాడు. రోజూ కోఠి మీదుగా వెళ్లేవాళ్లలో ఎందరికి ఆ సంగతి తెలుసు?

రాస్ దీవికి 2018లో నేతాజీ పేరు పెట్టారు, సంతోషం. ఆ దీవి మీద అడవి నరికినవాళ్ల పేర్లూ అక్కడే కనబడాలి. కోర్టు తీర్పుల్లో, ఓడల పత్రాల్లో దొరికినన్ని పేర్లు, ఊళ్లు, రెజిమెంట్లు బయటికి తీసి రాతి మీద చెక్కించండి. ఆబర్డీన్‌లో పడిపోయిన అండమానీల మాటా ఆ పక్కనే రాయండి. మన పిల్లల చరిత్ర పుస్తకంలో అండమాన్ పాఠం 1906తో కాదు, 1858 మార్చితో మొదలవ్వాలి.