ఓర్పు పాఠాలు ఆటగాళ్లకేనా?

అమెరికా ప్రతినిధుల సభలో 2025 డిసెంబరు 3, బుధవారం ఓటింగుకు రావలసిన కళాశాల క్రీడల బిల్లు, స్కోర్ బిల్లు, చివరి గంటల్లో ఆగిపోయింది. చిప్ రాయ్, బైరన్ డొనాల్డ్స్ వంటి సొంత పార్టీ సభ్యులే ఎదురుతిరగడంతో రిపబ్లికన్ నాయకత్వం దాన్ని పక్కన పెట్టక తప్పలేదు. ఆగింది గానీ పోలేదు. విశ్వవిద్యాలయాలు, వాటి క్రీడా సమాఖ్యలు ఏళ్ల తరబడి కోరుకుంటున్న చట్టమిది. నేడో రేపో మళ్లీ సభ ముందుకు తెచ్చే ప్రయత్నం జరుగుతుంది. కళాశాల క్రీడాకారుడు ఎన్నటికీ ఉద్యోగి కాడని శాసించే నిబంధన, కళాశాల క్రీడలను ఏలే ఎన్‌సీఏఏకు గుత్తాధిపత్య నిరోధక చట్టాల నుంచి కవచం తొడిగే నిబంధన అందులో ఉన్నంతవరకు ఆ బిల్లు మళ్లీ సభ గడప తొక్కకూడదని మా నిశ్చితాభిప్రాయం.

బిల్లు ఆగడానికి మూడు రోజుల ముందు ఏం జరిగిందో దేశమంతా చూసింది. మిసిసిపీ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టు 2025లో 11 విజయాలు, ఒకే ఒక్క ఓటమితో ఆ సంస్థ చరిత్రలో తొలిసారి జాతీయ ప్లేఆఫ్‌ల ముంగిట నిలిచింది. సరిగ్గా ఆ సమయంలో, నవంబరు 30న, ప్రధాన శిక్షకుడు లేన్ కిఫిన్ ఆ జట్టును వదిలి ప్రత్యర్థి లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. ప్లేఆఫ్‌లు ముగిసేదాకా జట్టుతో ఉంటానని ఆయన అడిగారు, మిసిసిపీ ఒప్పుకోలేదు. కొత్త ఒప్పందం ఏడేళ్లకు, ఏడాదికి సుమారు 1.3 కోట్ల డాలర్లకు. ఆయనను నమ్మి చేరిన ఆటగాళ్లు జట్టు మారాలంటే జనవరి 2 నుంచి 16 వరకే తలుపు తెరుచుకుంటుంది. శిక్షకుడికి ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది.

దీన్ని ఒక శిక్షకుడి ఆశగా కొట్టిపారేయలేం. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం ఉన్నది స్పీకర్ మైక్ జాన్సన్, సభాపక్ష నేత స్టీవ్ స్కలీస్‌ల సొంత రాష్ట్రంలో. ఇద్దరూ అక్కడ చదువుకున్నవారే. బిల్లును సభ ముందుకు తెచ్చిందీ ఆ ఇద్దరే. అక్టోబరు చివర ఇదే విశ్వవిద్యాలయం బ్రయన్ కెల్లీ అనే శిక్షకుణ్ణి తొలగించింది. మిగిలిన ఒప్పందం కింద ఆయనకు చెల్లించవలసింది సుమారు 5.4 కోట్ల డాలర్లు. ఆ లెక్క చూసి గవర్నర్ జెఫ్ లాండ్రీ మండిపడ్డారు. కొత్త శిక్షకుణ్ణి ఎంచే పని ఆ విశ్వవిద్యాలయ క్రీడా సంచాలకుడికి ఇవ్వడం కంటే డొనాల్డ్ ట్రంప్‌కు ఇవ్వడమే మేలన్నారు. మర్నాడే ఆ సంచాలకుడు పదవి విడిచి వెళ్లవలసి వచ్చింది. ప్రజాధనం మీద గవర్నర్‌కు అంత పట్టింపు ఉంటే సంతోషించేవాళ్లం. కానీ నెల దాటిందో లేదో అదే విశ్వవిద్యాలయం కిఫిన్‌తో 9 కోట్ల డాలర్లు దాటే ఒప్పందం రాసుకుంది. గవర్నర్ అడ్డుపడలేదు.

ఆటగాళ్ల విషయానికి వచ్చేసరికి ఈ పెద్దల గొంతు మారిపోతుంది. కష్టం రాగానే కళాశాల మారిపోతున్నారట. బెంచి మీద కూర్చోబెడితే నిలబడి పోరాడడం లేదట. డబ్బు ముందు జట్టు కనిపించడం లేదట. ఓర్పు, నిలకడ, పడి లేవడం అనే గుణాలను కళాశాల ఆటలు నేర్పేవనీ, డబ్బు వచ్చి వాటిని పాడు చేసిందనీ సభా సంఘాల ముందు ఒకరి తరవాత ఒకరు వాపోతున్నారు. ఎదుటివారికి చెప్పేటందుకే నీతులు అనడానికి ఇంతకంటే పచ్చి రుజువు అక్కర్లేదు.

సెనేటర్ టామీ ట్యూబర్‌విల్ సంగతే తీసుకోండి. అలబామా నుంచి గెలిచిన ఈయన అంతకు ముందు పేరున్న ఫుట్‌బాల్ శిక్షకుడు. 1998లో మిసిసిపీ విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు, శవపేటికలో మోసుకెళ్తే తప్ప ఇక్కడి నుంచి కదలనన్నారు. రోజులు తిరగకుండానే ఆబర్న్ విశ్వవిద్యాలయానికి మారారు. 2008లో ఆబర్న్ నుంచి తప్పుకున్నప్పుడు 50 లక్షల డాలర్లకు పైగా చేతికి వచ్చాయి. 2012లో టెక్సస్ టెక్‌ను వదిలి సిన్సినాటీకి వెళ్లారు. ఇన్ని గడపలు మారిన మనిషి 2023 జులైలో సెనేటర్ జో మాంచిన్‌తో కలిసి ఒక బిల్లు పెట్టారు. అందులోని ముఖ్యమైన షరతు ఏమిటంటే, ఆటగాడు మూడేళ్ల చదువు పూర్తయ్యేదాకా జరిమానా లేకుండా వేరే విశ్వవిద్యాలయానికి మారకూడదు. ఆ షరతు ఆయనకే ఉండి ఉంటే టెక్సస్ టెక్ నుంచి కదలడానికి వీలయ్యేది కాదు, ఎందుకంటే అక్కడ ఆయనకు మూడేళ్లు పూర్తిగా నిండనే లేదు. నిక్ సబాన్ కథా ఇంతే. అలబామా శిక్షకుడిగా వెళ్లేది లేదని 2006 డిసెంబరులో బహిరంగంగా ప్రకటించి, రెండు వారాలైనా గడవక ముందే ఆ పదవిలో కూర్చున్నారు. ఇప్పుడు కళాశాల ఆటలను ఎలా చక్కదిద్దాలో అధ్యక్షుడికీ, కాంగ్రెస్‌కూ సలహా చెప్పే పెద్ద ఆయనే.

పెద్దలు సంస్థలు మారడం తప్పని మేము అనడం లేదు. మెరుగైన జీతం కోసం మారడం ఎవరికైనా ఉన్న హక్కే. ఆ హక్కును జీవితమంతా అనుభవించినవారు పద్దెనిమిదేళ్ల పిల్లలకు దాన్ని చట్టంతో కత్తిరిస్తామనడమే మా అభ్యంతరం.

నిజమైన ఓర్పు ఎలా ఉంటుందో తెలియాలంటే ఈ సభ్యులు కెంట్ వాల్డ్రెప్ పేరు చదవాలి. 1974 అక్టోబరు 26న బర్మింగ్‌హామ్‌లో టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం తరఫున అలబామా మీద ఆడుతూ బంతితో పరుగెత్తిన ఆ యువకుడు తలకిందులుగా పడ్డాడు. మెడ విరిగింది. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. ఆ తరవాత నడవలేదు. విశ్వవిద్యాలయం దాదాపు తొమ్మిది నెలలు వైద్య ఖర్చులు భరించి చేతులు దులుపుకుంది. కుటుంబం దాతల మీద ఆధారపడింది. ఆ స్థితిలోనే ఆయన వెన్నుపాము గాయాలపై పరిశోధన కోసం నిధులు సమీకరించారు, వికలాంగుల జాతీయ మండలిలో సభ్యుడయ్యారు, 1990 నాటి అమెరికా వికలాంగుల హక్కుల చట్టం రూపకల్పనలో పాలుపంచుకున్నారు. చక్రాల కుర్చీలో కూర్చుని దేశానికి ఒక చట్టం తెచ్చిపెట్టడానికి పాటుపడ్డ మనిషికి సొంత గాయానికి మాత్రం పరిహారం దొరకలేదు. 1993లో టెక్సస్ కార్మిక పరిహార సంఘం ఆయన ఉద్యోగేనని తేల్చింది. బీమా సంస్థ కోర్టుకెళ్లింది. 1997లో జ్యూరీ కాదంది. 2000లో అప్పీలు కోర్టు అదే ఖరారు చేసింది. ఆయన 2022లో కన్నుమూశారు. అంతకు ముందు తరంలో రే డెనిసన్ అనే కొలరాడో ఆటగాడు 1955లో ఆట మొదలైన తొలి క్షణాల్లోనే తలకు దెబ్బ తగిలి చనిపోతే, ఆయన భార్య అడిగిన పరిహారాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు 1957లో ఇదే కారణంతో తోసిపుచ్చింది.

ఉద్యోగి కాదు. ఈ ఒక్క మాటతో డెబ్బై ఏళ్లుగా బాధితుల నోరు నొక్కుతున్నారు. స్కోర్ బిల్లు చేయబోయేది ఆ మాటనే దేశమంతటికీ వర్తించేలా శాశ్వతం చేయడం. గాయపడ్డవాణ్ణి వదిలేసే సంస్థకు చట్టం అండగా నిలబెట్టి, ఆ పిల్లవాడికి పడి లేవడం గురించి ప్రసంగాలు వినిపిస్తారా?

గుత్తాధిపత్య కేసుల్లో తన వాదనలు చెల్లని కొద్దీ ఎన్‌సీఏఏ కాంగ్రెస్ తలుపు తడుతోంది. 2021లో ఆటగాళ్లు వేసిన ఆల్స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9-0తో దానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ట్రంప్ నియమించిన జస్టిస్ బ్రెట్ కావనా, ఎన్‌సీఏఏ చట్టానికి అతీతం కాదని విడిగా రాశారు. గ్రాంట్ హౌస్ అనే ఈతగాడి పేరిట నడిచిన హౌస్ కేసులో 2025 జూన్‌లో ఖరారైన రాజీ ప్రకారం పాత ఆటగాళ్లకు సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. ఇప్పుడు ఆడుతున్నవారికి ఒక్కో విశ్వవిద్యాలయం 2025-26 విద్యా సంవత్సరంలో 2.05 కోట్ల డాలర్ల దాకా పంచవచ్చు. అన్ని ఆటల్లో కలిపి వందలాది మందికి 2.05 కోట్ల పరిమితి. ఒక్క శిక్షకుడికి 1.3 కోట్లు, పరిమితి లేదు! ఒక కంట వెన్న, ఒక కంట సున్నం అనడానికి ఈ రెండు అంకెలు చాలు. కోర్టులో ఓడిన ప్రతి సంస్థా ఇలా చట్టసభకు వెళ్లి మినహాయింపు రాయించుకుంటే రేపు మరో పరిశ్రమ అదే దారి పట్టదా?

రాష్ట్రానికో చట్టం వల్ల గందరగోళం నెలకొందనీ, ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తిస్తే ఆదాయం లేని టెన్నిస్, ఈత వంటి ఆటలూ మహిళల జట్లూ మూతపడతాయనీ బిల్లు సమర్థకులు అంటున్నారు. టెన్నిస్ మాట మనకూ పట్టిందే. మన సాకేత్ మైనేని ఆటకు పదును పెట్టుకున్నది అలబామా విశ్వవిద్యాలయ జట్టులోనే. కానీ టెన్నిస్ కోర్టుకు డబ్బు లేదనే ఈ వ్యవస్థలోనే టెక్సస్ ఏ అండ్ ఎం 2023లో జింబో ఫిషర్ అనే శిక్షకుణ్ణి పని మానిపించడానికి 7.5 కోట్ల డాలర్లకు పైగా ఒప్పుకుంది. ముందు అక్కడ కోత పెట్టాలి.

ఉద్యోగి అంటే ఎవరన్న ప్రశ్న అమెరికాలో పిల్లలున్న తెలుగు ఇళ్లకు కొత్త కాదు. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన మన పిల్లలు వారానికి 20 గంటల పరిమితికి లోబడి క్యాంపస్ భోజనశాలల్లో గిన్నెలు కడుగుతారు, కౌంటరు దగ్గర వడ్డిస్తారు. గంటకింత అని జీతం వస్తుంది, దాని మీద పన్ను లెక్క ఉంటుంది. వాళ్లు విద్యార్థులు కాబట్టి ఉద్యోగులు కారని ఏ విశ్వవిద్యాలయమూ అనదు. న్యూహాంప్‌షైర్‌లోని డార్ట్‌మత్ కళాశాల భోజనశాలలో పనిచేసే విద్యార్థులు 2022లో కార్మిక సంఘమే పెట్టుకున్నారు. అదే కళాశాల బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు 2024 మార్చిలో 13-2 ఓట్లతో సంఘం కావాలని తీర్మానిస్తే మాత్రం యాజమాన్యం బేరసారాలకు కూర్చోనంది. ట్రంప్ కొత్త కార్మిక బోర్డు వ్యతిరేక తీర్పునిచ్చి దాన్నే అందరికీ ఆనవాయితీ చేస్తుందన్న భయంతో ఆటగాళ్లు ఆ ఏడాది డిసెంబరు 31న దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. 2025 జులై 24న ట్రంప్ సంతకం చేసిన కార్యనిర్వాహక ఉత్తర్వు ఆ భయం నిజమేనని చూపింది. ఆటగాళ్ల హోదాను తేల్చమని కార్మిక శాఖకూ, ఆ బోర్డుకూ అందులో పురమాయించారు. ప్లేటు అందిస్తే ఉద్యోగి, ఇరవై వేల మంది టికెట్టు కొని చూసే ఆట ఆడితే కాదు అనే తర్కాన్ని మేము అంగీకరించం.

జాన్సన్, స్కలీస్, ట్యూబర్‌విల్‌లను సూటిగా అడుగుతున్నాం. ఆటగాడికి మూడేళ్ల కట్టడి మంచిదైతే శిక్షకుడికీ పెట్టండి. ఆటగాళ్ల రాబడికి పరిమితి న్యాయమైతే శిక్షకుల జీతానికీ, తొలగించినప్పుడు ఇచ్చే పరిహారానికీ అదే బిల్లులో పరిమితి రాయండి. మైదానంలో గాయపడ్డవారి వైద్యం జీవితాంతం విశ్వవిద్యాలయాలే భరించాలని ఒక్క వాక్యం చేర్చండి. ఇవేవీ చేతకానప్పుడు పద్దెనిమిదేళ్ల పిల్లల ముందు నిలకడ గురించి నోరెత్తే అర్హత మీకు లేదు.