ర్యాంపు కడితే పతకాలెక్కడివి?

మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంటు గేటు దాటి లోపలికొస్తే, లిఫ్టుకి ముందు మూడు మెట్లుంటాయి. ఎందుకు కట్టారో ఎవరికీ తెలీదు. వాన నీళ్ళు రాకుండా అంటారు కొందరు, వాస్తు అంటారు ఇంకొందరు. పోయినేడు రోడ్డంతా చెరువైనప్పుడు నీళ్ళు ఆ మెట్లెక్కే లోపలికొచ్చాయి కాబట్టి మొదటిది కాదు. బిల్డరు ఊరొదిలి పోయాడు కాబట్టి రెండోదీ కాదు. బాగా ఆలోచించాక నాకు అసలు సంగతి బోధపడింది. అవి దేశం కోసం కట్టిన మెట్లు.

మాలతి కృష్ణమూర్తి హొళ్ల గారినే తీసుకోండి. 1958లో ఈ బెంగళూరులోనే పుట్టారు. నడకొచ్చీ రాని వయసులో జ్వరం, పోలియో. ఒళ్ళంతా చచ్చుబడితే రెండేళ్ళపాటు కరెంటు షాకులిచ్చి నడుం పైభాగానికి కాస్త బలం తెప్పించారు. ఆ తర్వాత చెన్నైలో ఎముకల చికిత్సా కేంద్రంలో 15 ఏళ్ళు. ముప్పైకి పైగా ఆపరేషన్లు. ఇంత జరిగాక ఆవిడ ఏం చేశారయ్యా అంటే, చక్రాల కుర్చీలో కూచుని గుండు, డిస్కు, ఈటె విసిరారు. రేసుల్లో దిగారు. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూనే మూడొందలకు పైగా పతకాలు తెచ్చారు. 1995లో అర్జున, 2001లో పద్మశ్రీ. అది చాలక మాతృ ఫౌండేషన్ పెట్టి వికలాంగ పిల్లల్ని పెంచుతున్నారు.

మా అసోసియేషన్ దీన్నుంచి లాగిన తర్కం సూటిగా ఉంది. కష్టాలు పడ్డారు, పతకాలొచ్చాయి. కాబట్టి పతకాలు కావాలంటే కష్టాలు సరఫరా చెయ్యాలి. ఆ మాత్రం మేము చెయ్యలేమా?

కూచుని విసిరే పోటీల్లో ఓ నియమం ఉంది. కూచునే చోటు ఎత్తు 75 సెంటీమీటర్లు మించని ఇనుప ఫ్రేమును నేలకి బిగించి, క్రీడాకారిణిని దానికి బెల్టులతో కట్టేస్తారు. విసిరేటప్పుడు కూచున్నచోటి నుంచి పైకి లేచారా, ఫౌల్. కాళ్ళ ఊతం లేదు, పరుగు లేదు, బలమంతా భుజంలోంచే రావాలి. ఎంత కష్టమో ఊహకందదు. కూచున్నచోటి నుంచి లేవకపోవడం ఒక్కటే అయితే మా కమిటీ సభ్యులు ఎనిమిదేళ్ళుగా ఏ బెల్టూ లేకుండానే చేస్తున్నారు.

ఇక మామ్మగారి సంగతి. బి-బ్లాకులో కొడుకు దగ్గరుంటారు, నెల్లూరు మనిషి. బాత్‌రూములో జారి తుంటి ఎముక విరిగినప్పటి నుంచి చక్రాల కుర్చీయే. ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజున ఇద్దరు వాచ్‌మన్లు కుర్చీని చెరోపక్క పట్టుకుని మెట్లు దించుతారు. ఒకతను పొడుగు, ఇంకొకతను పొట్టి. కుర్చీ కుడివైపుకి వాలుతుంది. మామ్మగారు కళ్ళు మూసుకుని, కొంగు పళ్ళతో పట్టుకుని, ఎడమవైపుకి ఒరుగుతారు. ఆ వయసులో అంత బ్యాలెన్సు ర్యాంపు మీద వస్తుందా చెప్పండి. చూసేవాళ్ళకీ ఉత్సవ విగ్రహం ఊరేగుతున్నట్టు కన్నులపండువగా ఉంటుంది.

అయినా ఆవిడ ర్యాంపు కావాలని అర్జీ పెట్టారు. లెక్క వేశాం. మెట్టు 15 సెంటీమీటర్లు, మూడు మెట్లకి 45. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాలన్న లెక్కన ర్యాంపు 5 మీటర్ల 40 సెంటీమీటర్లు వస్తుంది. సరిగ్గా అంత జాగాలో ట్రెజరర్ గారి కారుంది. ఆ కారు తీస్తే ఎక్కడ పెడతాం? దానికి పాపం ఎండ పడదు.

ఏడాదిన్నరగా ఆలోచిస్తూనే ఉన్నారని మామ్మగారు నొచ్చుకుంటున్నారు. దేశం లెక్కలో ఏడాదిన్నర ఎంత? మురళీకాంత్ పేట్కర్ 1965 యుద్ధంలో తూటాలు తిని, 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఈది మన దేశానికి మొదటి పారాలింపిక్ స్వర్ణం తెచ్చాడు. ఆయనకి పద్మశ్రీ ఇచ్చింది 2018లో. ఆయన ఈతకి పట్టింది 37 సెకన్లు, మన ఆలోచనకి పట్టింది 46 ఏళ్ళు. ఆ వరసలో చూస్తే మా కమిటీ పరిగెడుతున్నట్టే.

వాట్సాప్ గ్రూపులో సి-బ్లాకు కుర్రాడొకడు అడ్డం తిరిగాడు. "2012 లండన్ పారాలింపిక్స్‌లో మనకొచ్చింది ఒకే పతకం, మన గిరీశ హైజంప్ రజతం. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, సౌకర్యాలూ డబ్బూ కాస్త పెరిగాయి. 2024 పారిస్‌లో 29 వచ్చాయి. అంటే సౌకర్యాలు పెరిగితేనే కదా పతకాలు పెరిగింది?" అని పెట్టాడు. లెక్కలతో మాట్లాడేవాళ్ళతో సొసైటీలు నడవవు. అతణ్ణి గ్రూపులోంచి తీసేశాం. తీసేముందు, ఆ 29లో ఒకటి వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజిది, 400 మీటర్ల కాంస్యం, మన తెలుగు బిడ్డ అని అందరం కలిసి చప్పట్ల బొమ్మలు పెట్టాం. చిన్నప్పుడు ఆ పిల్లని ఊళ్ళోవాళ్ళు ఏమని పిలిచేవాళ్ళో పేపర్లలో వచ్చింది. అది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు.

స్ఫూర్తి విషయంలో మేమెప్పుడూ వెనకాడలేదు. ఈ ఉగాదికి మాలతి గారి ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ వేయించాం. చక్రాల కుర్చీలో కూచుని నవ్వుతున్న ఫొటో. 'సంకల్పానికి అడ్డేది?' అని పసుపు రంగు అక్షరాలు. ఎక్కడ కట్టాలని తర్జనభర్జన పడి, అందరికీ కనబడుతుందని ఆ మూడు మెట్ల రెయిలింగుకే కట్టాం. మామ్మగారు పచ్చడి గిన్నె ఒళ్ళో పెట్టుకుని మెట్ల పైన కూచుని ఫ్లెక్సీని వెనకవైపు నుంచి చూశారు. ఆ వైపు తెల్లగా ఉంటుంది.

అప్పుడొచ్చాడు షామియానా అబ్బాయి. సౌండ్ బాక్సులు లోపలికి చేర్చాలి, బరువు. వ్యానులోంచి పొడుగాటి చెక్క ఒకటి లాగి మెట్ల మీద వాల్చాడు. ట్రెజరర్ గారు పరుగున వెళ్ళి కారు తీశారు, గీతలు పడతాయని. చక్రాలున్న బాక్సులు నాలుగూ గడగడా ఎక్కేశాయి. రెండు నిమిషాలు పట్టలేదు.

మామ్మగారు ఆ అబ్బాయిని పిలిచారు. "ఆ చెక్క రోజుకి ఎంత తీసుకుంటావు నాయనా?"

"దానికేంటమ్మా, బాక్సులతో పాటే ఫ్రీ" అన్నాడు.

రాత్రి తొమ్మిదిన్నరకి బాక్సులు దిగాయి, చెక్క వ్యానెక్కింది, కారు మళ్ళీ తన చోటుకొచ్చింది. నెలనెలా సౌండ్ బాక్సులు అద్దెకి తెస్తే మామ్మగారు ఆసుపత్రికి వెళ్ళిరావచ్చు కదా అని నేనో ప్రతిపాదన రాసిచ్చాను. వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో 'ఇతర విషయాలు' కింద చేర్చారు. సమావేశం మొదటి అంతస్తు హాల్లో. ఆ రోజు లిఫ్టు సర్వీసింగట.