మావోరీకి తల్లి సంస్కృతం కాదు

"న్యూజిలాండ్ మావోరీ భాష సంస్కృతం నుంచే పుట్టింది" అన్న మాట పదేపదే షేర్ అవుతోంది. సూర్యుణ్ణి వాళ్లు 'రా' అంటారు కాబట్టి అది రవి, రెండుని 'రుఅ' అంటారు కాబట్టి అది ద్వ, పైగా అక్కడ తమిళ గంట దొరికింది, 'ప్రొటో పాలినీషియన్' (మావోరీ, టోంగన్, సమోవన్, హవాయియన్ లాంటి పసిఫిక్ దీవుల భాషలకు, అంటే పాలినీషియన్ భాషలకు, మూలమని పండితులు పునర్నిర్మించిన భాష) పండితుల ఊహ మాత్రమే అంటారు. ఈ వాదన పాతదే. న్యూజిలాండ్ రచయిత ఎడ్వర్డ్ ట్రెగియర్ 1885లోనే మావోరీలు ఆర్యులంటూ ఒక పుస్తకం వేశాడు.

ముందు 'రా' సంగతి. మావోరీని ఒంటరిగా చూడకూడదు, దాని అక్కచెల్లెళ్లయిన పాలినీషియన్ భాషలతో కలిపి చూడాలి. సూర్యుడు సమోవన్‌లో, హవాయియన్‌లో 'లా'; టోంగన్‌లో 'ల-ఆ', మధ్యలో గొంతు టక్కున మూసుకుని తెరుచుకుంటుంది. ఆకు టోంగన్‌లో 'లౌ', మావోరీలో 'రౌ'. రెండు మాత్రం టోంగన్‌లో 'ఉఅ', మావోరీలో 'రుఅ'. అంటే మావోరీ 'ర'లో రెండు పాత ధ్వనులు కలిసిపోయాయి: టోంగన్‌లో 'ల'గా నిలిచింది ఒకటి, అక్కడ రాలిపోయింది మరొకటి. సూర్యుడి 'రా'లో ఉన్నది మొదటిది. మూలరూపంలో ఉన్నది 'ల', దాని వెనక గొంతు శబ్దం. రవిలోని 'ర' గానీ 'వ' గానీ అందులో లేవు.

'రుఅ'కి చుట్టం మలయ్ 'దుఅ'. తైవాన్‌లోని బునున్ భాషలో అదే మాట 'దుస'. ఆ నడిమి 'స' దారిలో పోయింది. ద్వలో అది ఎప్పుడూ లేదు. ఐదు మావోరీలో 'రిమ', హవాయియన్‌లో 'లిమ'. హవాయిలో 'లిమ' అంటే చెయ్యి కూడా. పంచతో దీనికి ఏ పోలికా లేదు.

చుట్టమైన మలయ్‌లో 'గురు', 'బహాస' లాంటి సంస్కృత పదాలున్న మాట నిజమే. అయితే అవి మలయ్‌లోకి చేరేసరికే పాలినీషియన్ల పూర్వీకులు టోంగాలో స్థిరపడి శతాబ్దాలు గడిచాయి. వాళ్లు టోంగాలో అడుగుపెట్టింది సుమారు 2,800 ఏళ్ల కిందట.

గంట కూడా నిజమే. 1836 ప్రాంతంలో మిషనరీ విలియం కొలెన్సో కంటపడేనాటికి మావోరీలు దాన్ని వంటపాత్రగా వాడుతున్నారు. దాని మీద 'మొహైదీన్ బక్ష్ ఓడ గంట' అని తమిళంలో ఉంది. అది ఓడ సామాను. ఓడ సామాను ఒడ్డుకు కొట్టుకురావచ్చు, చేతులు మారవచ్చు. భాషలోని అంకెలూ అవయవాల పేర్లూ అలా రావు.

ఇక 'ఊహ' అన్న ఆరోపణ. చేప మావోరీ, టోంగన్‌లలో 'ఇక'. సమోవన్, హవాయియన్‌లలో ఆ 'క' బదులు గొంతు శబ్దం. ఇలాంటి జత ఒక్క పదంలో కనిపిస్తే సరిపోదు, పదుల పదాల్లో తప్పకుండా తిరిగి రావాలి. ఆ పదం పాలినీషియన్ కుటుంబంలోని టోంగన్-నియువే కొమ్మలోనూ మిగతా భాషలన్నీ చేరిన రెండో కొమ్మలోనూ దొరికితేనే మూలభాషకు ఆపాదిస్తారు. వాలిస్ దీవి భాష టోంగన్ నుంచి విస్తారంగా అరువు తెచ్చుకుంది కాబట్టి, ఆ రెండింటిలోనే కనిపించే పదాన్ని సాక్ష్యంగా తీసుకోరు.