ఏంజెల్ ఐస్ గారి ఏడు సూత్రాలు

ఈ మధ్య ఒకే సందేశం నాలుగు దిక్కుల నుంచి వచ్చి పడుతోంది. పాత ఆఫీసు మిత్రులు పంపారు, కాలేజీ గ్రూపులో వచ్చింది, చివరికి మా బావగారు కూడా పంపి, ‘నీకు నచ్చుతుంది’ అని ఒక ముక్క చేర్చారు. ‘జీవితంలో గెలవాలంటే: ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ నేర్పే ఏడు సూత్రాలు’ అని శీర్షిక. అది 1966 నాటి ఇటాలియన్ కౌబాయ్ సినిమా: అమెరికా అంతర్యుద్ధం నడుమ, ఒక శ్మశానంలో పూడ్చిన 2 లక్షల డాలర్ల బంగారం కోసం ముగ్గురు దొంగలు పోటీపడే కథ. కింద సిగరు నోట్లో పెట్టుకుని, కళ్ళు చిట్లించిన క్లింట్ ఈస్ట్‌వుడ్ బొమ్మ. నచ్చలేదు బావగారూ. ఎందుకు నచ్చలేదో పంపినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది: ఇది నిజంగా జరిగిన కథ అట, 5 వేల మంది సైనికులను పూడ్చిన ఆ శ్మశానం ఇప్పటికీ టెక్సస్‌లో ఉందట. శ్మశానం ఉన్న మాట నిజమే. కానీ ఉన్నది స్పెయిన్‌లో, బుర్గోస్ ప్రాంతంలో. 1966లో షూటింగు కోసం స్పెయిన్ సైనికుల చేత కట్టించిన సెట్ అది. ఆ మట్టిదిబ్బల కింద ఎవరూ లేరు. ఏళ్ళ తరబడి గడ్డి కప్పేసిన ఆ చోటును 2015 నుంచి అభిమానులు పారలు పట్టుకుని వచ్చి మళ్ళీ బయటికి తీశారు. కథకు నేపథ్యంగా తీసుకున్న అంతర్యుద్ధం మాత్రం నిజం: 1862లో జనరల్ సిబ్లీ దక్షిణాది సేనను వెంటబెట్టుకుని న్యూ మెక్సికో మీదికి వెళ్ళి, దెబ్బతిని వెనక్కి మళ్ళాడు. బంగారం కోసం ముగ్గురు వెతుక్కోవడం కల్పన. నమ్మకం కుదరకపోతే లెక్క వేయండి. ఆనాటి 20 డాలర్ల బంగారు నాణెం బరువు 33 గ్రాముల పైచిలుకు. 2 లక్షల డాలర్లంటే 10 వేల నాణేలు, అంటే 330 కిలోలకు పైమాటే. అందులో సగం ఒక్క గుర్రం మీద వేసి, దాని మీద మనిషి కూడా ఎక్కి దర్జాగా వెళ్ళిపోతాడు. నిజకథలో ఆ గుర్రం అక్కడే కూలబడి ఉండేది.

రెండోది, మూడు ఆస్కార్లు గెలిచిందట. ఒక్క నామినేషను కూడా రాలేదు. సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనేకు 2007లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు, 2016లో వేరే సినిమాకు ఇంకోటి వచ్చింది. మూడోది, వంతెన పేల్చే సన్నివేశంలో సైనికులు చనిపోయారట. ఎవరూ చనిపోలేదు. సంకేతం పొరబాటుగా అర్థమై, కెమెరాలు సిద్ధం కాకముందే స్పెయిన్ సైనికాధికారి వంతెనను పేల్చేశాడు. మళ్ళీ కట్టి మళ్ళీ పేల్చారు. ఐదోది, మన కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’ దీనికి మక్కీకి మక్కీ నకలు అట. ఇటాలియన్ కౌబాయ్ సినిమాల ప్రభావం ఉందని 1971 నుంచీ అందరికీ తెలుసు, దాచిందెవరు? ఆరుద్ర రాసి, కె.ఎస్.ఆర్. దాస్ తీసిన ఆ సినిమా కథ దాని దారిన అది నడుస్తుంది. రెండూ చూసినవాడు ఈ మాట అనడు.

నాలుగో సూత్రం వేరు. దాన్ని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: ‘భాగస్వామిని నమ్మవద్దు. సగం రహస్యం ఎప్పుడూ మీ దగ్గరే ఉంచుకోండి. అవసరం తీరగానే వదిలించుకోండి. లోకంలో రెండే రకాల మనుషులు: తుపాకీ ఉన్నవాడు, గొయ్యి తవ్వేవాడు. ఎవరినీ నమ్మనివాడే చివరికి బంగారంతో వెళ్ళాడు.’ నిన్న గాక మొన్న ఉద్యోగాల్లో చేరిన పిల్లలున్న గ్రూపులో ఇది వచ్చింది. కింద వరసగా చప్పట్ల బొమ్మలు.

ఈ సూత్రాన్ని పొల్లుపోకుండా పాటించినవాడు సినిమాలో ఒకడున్నాడు. పేరు ఏంజెల్ ఐస్, వేసినవాడు లీ వాన్ క్లీఫ్. సందేశం రాసిన మహానుభావుడు ఆయన ఊసే ఎత్తలేదు. సినిమా మొదట్లోనే ఆయన ఒక ఇంటికి వెళ్ళి, ఆ ఇంటివాడు పెట్టిన భోజనం తిని, కావలసిన పేరు రాబట్టుకుంటాడు. ఇంటివాడు ప్రాణభయంతో వెయ్యి డాలర్లు చేతిలో పెడితే అవీ తీసుకుని, అతన్ని కాల్చేస్తాడు. తర్వాత తనను పంపినవాడి దగ్గరికి తిరిగి వెళ్ళి, నిన్ను చంపడానికి కూడా డబ్బు తీసుకున్నాను కదా అని, వాణ్ణీ చంపేస్తాడు. డబ్బు పుచ్చుకున్నాక పని పూర్తి చేయకుండా ఉండనని ఆయన నియమం. ఎవరినీ నమ్మలేదు, అవసరం తీరిన ఏ ఒక్కరినీ మిగల్చలేదు. మీ కొలత ప్రకారం ఉత్తమ విద్యార్థి. మరి బంగారంతో వెళ్ళాడా? తెరిచి ఉన్న గోతిలోకి దొర్లిపోయాడు. ఆయన వెనకే టోపీ, తుపాకీ కూడా.

ఇక మీరు నెత్తిన పెట్టుకున్న బ్లాండీ, అంటే ఈస్ట్‌వుడ్ వేసిన పాత్ర. అతనూ ఒకసారి మీ సూత్రం పాటించాడు. తల మీద వెల ఉన్న దొంగ టూకోను (ఎలై వాలక్ వేశాడు) పట్టించి బహుమతి తీసుకోవడం, ఉరి వేసే క్షణంలో తాడును కాల్చి తప్పించడం, డబ్బు పంచుకోవడం, ఇదీ వాళ్ళిద్దరి వ్యాపారం. టూకో తల మీద వెల 3 వేల డాలర్లను మించి పెరగదని లెక్క తేల్చుకోగానే, ఊరికి 70 మైళ్ళ దూరంలో ఎడారి మధ్య అతన్ని వదిలేసి, మొత్తం డబ్బుతో పోయాడు. అవసరం తీరింది, వదిలించుకున్నాడు. శభాష్. ఫలితం? టూకో వెతుక్కుంటూ వచ్చి, అదే ఎడారిలో అతన్ని మొహమంతా బొబ్బలెక్కేదాకా నడిపించాడు. దారి తప్పిన ఒక బండి, అందులో చావబోతున్న సైనికుడు రాకపోతే గెలుపు సూత్రాల కథానాయకుడు అక్కడే ఎండిపోయేవాడు.

ఆ బండి దగ్గర జరిగింది చూడండి. బంగారం ఎక్కడుందో ఆ సైనికుడికి తెలుసు. అతని నోటి నుంచి శ్మశానం పేరు టూకోకు తెలిసింది, సమాధి మీది పేరు బ్లాండీకి తెలిసింది. ఒక్క క్షణం ముందు చంపబోయినవాడు ఇప్పుడు నీళ్ళు తాగించి, మఠానికి మోసుకెళ్ళి, బతుకు బతుకు అని బతిమాలుతున్నాడు. దర్శకుడు సెర్జియో లియోనే దురాశను చూసి ఇక్కడ పగలబడి నవ్వుతున్నాడు. మీరేమో నోట్సు రాసుకుంటున్నారు!

ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. బ్లాండీ చివరిదాకా అబద్ధమాడాడు. వంతెన దగ్గర టూకో నిజం చెప్పాడు, బ్లాండీ తప్పు పేరు చెప్పాడు. రాత్రికి రాత్రి టూకో తుపాకీలోంచి గుండ్లు కూడా తీసేశాడు. తవ్వమన్నదీ అతనే. కానీ బంగారం బయటపడ్డాక ఏం చేశాడు? టూకో మెడకు ఉరి తగిలించి, గుర్రమెక్కి దూరం వెళ్ళి, వెనక్కి తిరిగి తాడును కాల్చాడు. సగం బంగారం అక్కడే వదిలి వెళ్ళాడు. తుపాకీ తన చేతిలో ఉంది, అడిగే నాథుడు లేడు, అయినా సగం. మీ సూత్రం ప్రకారం ఇది దారుణమైన వ్యాపార నష్టం. అందుకే కాబోలు, సందేశంలో ‘బంగారంతో వెళ్ళాడు’ అని రాసి, ఎంత బంగారంతో వెళ్ళాడో మింగేశారు.

ఆరో సూత్రం చిన్నదే కానీ నన్ను అన్నిటికన్నా ఎక్కువ విసిగించింది అదే: ‘లక్ష్యం మీదే దృష్టి పెట్టండి. యుద్ధం సీన్లు సాగదీత, దాటేసి చూడండి.’ ఆ పుణ్యం అమెరికా పంపిణీదారులు 1967లోనే కట్టుకున్నారు, 161 నిమిషాలకు కోసి. గాయపడ్డ సైనికులతో నిండిన శిథిల కోటలోకి ఏంజెల్ ఐస్ వెళ్ళే సన్నివేశం ఆ కోతలో పోయింది. 2003లో తిరిగి చేర్చినప్పుడు ఈస్ట్‌వుడ్, ఎలై వాలక్ ముసలితనంలో మళ్ళీ డబ్బింగు చెప్పారు. వాన్ క్లీఫ్ 1989లోనే పోయాడు కనుక ఆయనకు వేరే గొంతు పెట్టారు. ఇంత శ్రమ సాగదీత కోసమా?

యుద్ధం తీసేస్తే ముగ్గురు దొంగలు మిగులుతారు, అంతే. దూరంగా వస్తున్న దళం బూడిదరంగు దుస్తులు చూసి, అది దక్షిణాది సేన రంగు కనుక, టూకో దక్షిణాదికి జేజేలు కొడతాడు. అధికారి చేత్తో దుమ్ము దులిపితే కింద ఉత్తరాది సేన నీలం బయటపడుతుంది. ఇద్దరూ నేరుగా బందీల శిబిరానికి. విధేయత అంటే అక్కడ అంగీ మీది దుమ్ము. వంతెన కోసం రోజూ జనాన్ని చంపించలేక, పేల్చేసే ధైర్యమూ లేక, సీసా పట్టుకుని కూర్చున్న కెప్టెన్ దగ్గర బ్లాండీ మొదటిసారి డబ్బు కాక వేరే విషయం మాట్లాడతాడు: ఇంతమందిని ఇంత అన్యాయంగా వృథాగా బలిపెట్టడం ఎక్కడా చూడలేదంటాడు. ఆ తర్వాత చావబోతున్న కుర్ర సైనికుడి మీద తన కోటు కప్పి, తన సిగరు పీల్పిస్తాడు. 2 లక్షల కోసం ఇద్దరు ముగ్గురిని చంపేవాడు దొంగ అయితే, ఒక వంతెన కోసం వేలమందిని చంపేవాళ్ళను ఏమనాలి? లియోనే అడిగింది అదీ. దాటేసి చూడండి, హాయిగా ఉంటుంది.

ఏడోది మిగిలింది: ‘అసలు కథానాయకుడు టూకో.’ ఇది నిజం. ముగ్గురిలో తల్లిదండ్రులు, అన్న, బారెడు పూర్తి పేరు ఉన్నది అతనికే. మా ఊళ్ళో ఆకలికి చావకూడదనుకుంటే పూజారి కావాలి, లేదా దొంగ కావాలి, నువ్వు సులువైన దారి పట్టావు అని మఠంలో ఉన్న అన్నను నిలదీస్తాడు. బయటికి వచ్చి, అన్న ఉండిపొమ్మని ప్రాధేయపడ్డాడని బ్లాండీకి కోతలు కోస్తాడు. గొడవంతా చాటుగా చూసిన బ్లాండీ ఏమీ అనకుండా సిగరు అందిస్తాడు. ఏడో సూత్రం రాసినవారెవరో గాని, సినిమా చూసే రాశారు. మిగిలిన ఆరూ రాసింది మరొకరై ఉండాలి.